తొంభై అయిదు శాతం వాసన

పోయిన ఎండాకాలం కల్లూరు పోయినప్పుడు మా చిన్నాయన కొడుకు నా ముందు రెండు కాగితం ముక్కలు పెట్టాడు. "అన్నా, వాసన చూసి ఏది ఒరిజినలో చెప్పు" అన్నాడు.

ఒకదాని మీద డియోర్ కంపెనీ సొవాజ్. మావాడు 'సావేజ్' అంటాడు, నేనూ మొన్నటిదాకా అట్లనే అన్నాను. వాడి స్నేహితుడికి గల్ఫ్‌లో ఉన్న మామ ఒక సీసా తెచ్చిచ్చాడట, అందులోంచి అయిదు మిల్లీలీటర్లు అడిగి తెచ్చుకున్నాడు. రెండోదాని మీద దాని 'క్లోన్'. సొవాజ్ పెద్ద సీసా మన దగ్గర పది వేలు దాటుతుంది. క్లోన్ అందులో పదో వంతు.

చాలాసేపు అటూ ఇటూ మార్చి చూసి ఒకటి చూపించాను. తప్పు. వాడి మొహం వెలిగిపోయింది. "చూసినావా! అందుకే అంటాండారు, తొంభై అయిదు శాతం అని."

ఓడిపోయినందుకు నాకేం బాధ లేదు. ఆ తొంభై అయిదు దగ్గరే ఆగిపోయాను. ఎవరు కొలిచారు? దేంతో కొలిచారు? జ్వరానికి థర్మామీటర్ ఉంది, పాలకు లాక్టోమీటర్ ఉంది. ఇద్దరి ముక్కులు ఒకే మాట మీద నిలబడని చోట ఈ శాతం ఎక్కణ్ణుంచి దిగింది? ఇప్పుడు సెంటు గురించి ఎవరు మాట్లాడినా ఇదే లెక్క. ఫలానాది అవెంటస్‌కు తొంభై శాతం, ఫలానాది బ్లూ ద షనెల్‌కు ఎనభై. ఆ అంకె మీద కోపంతోనే ఇది రాస్తున్నాను.

*

ముందే ఒక మాట. నేను పోలికకు వ్యతిరేకిని కాను. వాసన గురించి పోల్చకుండా మాట్లాడటం ఎవరి వల్లా కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు రంగులు ఏడన్నాడు, రుచులు ఆరన్నాడు. వాసన దగ్గరికి వచ్చేసరికి రెండే అన్నాడు: మంచిది, చెడ్డది. అంత పెద్ద తార్కికుడికే అంతకంటే పేర్లు దొరకలేదు. తీపి అంటే తీపే, ఇంకో వస్తువు పేరు చెప్పనక్కర్లేదు. వాసనకు ఆ సౌకర్యం లేదు. మల్లె వాసన, మాడు వాసన, తడిమట్టి వాసన, కొత్త పుస్తకం వాసన. ప్రతి వాసనా ఇంకోదాని పేరు అరువు తెచ్చుకునే మన నోటికి వస్తుంది. పైగా మన భాషలో 'వాసన' అంటే ముక్కుకు తగిలేది మాత్రమే కాదు, వెనకటి జన్మ నుంచి అంటుకుని వచ్చిన సంస్కారం కూడా. ఎక్కడో చూసినదాన్ని ఇక్కడ మళ్ళీ గుర్తుపట్టడమే వాసన.

కాబట్టి ఒక సెంటును తూచాలంటే దాని పక్కన ఇంకో నాలుగు పెట్టాల్సిందే. అయితే పెట్టాక మనం ఏం అడుగుతున్నాం? "ఎంత కలిసింది?" అని అడుగుతున్నాం. "ఎక్కడ విడిపోయింది?" అని అడగటం లేదు. నా గొడవ అంతా ఇక్కడే.

సొవాజ్‌నే తీసుకుందాం. 2015లో ఫ్రాంస్వా దెమాషీ చేశాడు. కొట్టగానే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క వాసన, వెంటనే మిరియపు ఘాటు, వాటి కింద గంటల తరబడి నిలిచే అంబ్రాక్సాన్. ఈ అంబ్రాక్సాన్ కథ వినాలి. తిమింగలం కడుపులో పుట్టి సముద్రంలో నాని ఒడ్డుకు కొట్టుకొచ్చే అంబర్‌గ్రీస్‌కు బదులుగా, క్లారీ సేజ్ అనే మొక్కలోంచి తీసిన పదార్థంతో తయారుచేయడం నేర్చుకున్న వస్తువు అది. అంటే మనం 'ఒరిజినల్' అని కళ్ళకద్దుకునే సీసాకు గుండెకాయే ఇంకోదానికి బదులుగా వచ్చింది. పేరు కూడా కొత్తది కాదు. అదే కంపెనీకి 1966లో ఎద్మోఁ రుద్నిట్స్కా 'ఓ సొవాజ్' చేసి పెట్టాడు.

ఆ పాతదాన్ని, ఈ కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. 1966 నాటిదానిలో నిమ్మ ఉంది, ఆకుల పచ్చదనం ఉంది, జాజి పరిమళం మీద పరిశోధనలోంచి పుట్టిన హెడియోన్ అనే పదార్థం ఉంది. ఇవన్నీ కలిసినా మధ్యలో గాలి ఆడుతుంది. పొద్దున్నే స్నానం చేసి ఉతికిన నూలు చొక్కా వేసుకున్న మనిషి పక్కనుంచి నడిచిపోయినట్టు ఉంటుంది. 2015 నాటిది తిరునాళ్ళలో మైకు. గొంతు పెద్దది, చెప్పే మాట ఒకటే. 2010లో జాక్ పోల్జ్ చేసిన బ్లూ ద షనెల్‌ను మూడోదిగా పెడితే ఇంకొంచెం తేటపడుతుంది. అదీ ఇలాంటి జనరంజకమే, కాని మాట్లాడే ముందు ఎదుటివాడి మొహం చూస్తుంది.

అట్లని సొవాజ్‌ను కొట్టిపారేయలేను. చల్లటి దేశాల్లో కూర్చుని రాసే రివ్యూలు మన ఎండను లెక్కలోకి తీసుకోవు. కర్నూలులో మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి నిమ్మజాతి వాసన ఏదైనా చూస్తుండగానే ఎగిరిపోతుంది. ఓ సొవాజ్ అందం సగం బస్టాండుకు చేరేలోపే ఆవిరి. సొవాజ్ బెంగళూరు బస్సులో కూడా మనిషిని వదలదు. మైకు అన్నాను కదా, తిరునాళ్ళలో మైకుకూ పని ఉంటుంది. ఇది నా తీర్పు. మీకు నచ్చకపోవచ్చు. కాని దీన్ని పట్టుకుని నాతో కొట్లాడొచ్చు. "ఎనభై శాతం"తో ఎవరు ఏం కొట్లాడతారు?

ఇప్పుడు మావాడి క్లోన్. మొదటి అరగంట నేను తేడా పట్టలేకపోయానని ఒప్పుకున్నాను. నాలుగు గంటల తర్వాత పట్టాను. ఒరిజినల్ చర్మం మీద ఉప్పగాలి లాంటిదేదో ఇంకా ఉంది. క్లోన్ ఉతికిన బట్టల్లో మిగిలిన సబ్బు వాసన దగ్గర ఆగింది. కాని ఇంకోటి కూడా గమనించాను. క్లోన్‌లో మిరియం ఘాటు తక్కువ. నా ముక్కుకు అదే మేలనిపించింది. ఇక్కడే శాతం బండారం బయటపడుతుంది. తేడా ఏదైనా సరే, అది మేలైనా కీడైనా, శాతం లెక్కలో కోతే. ఒరిజినల్ కంటే బాగున్న చోట కూడా క్లోన్‌కు మార్కులు తగ్గుతాయి. బాగుపడితే మార్కులు తగ్గించే పరీక్షను పరీక్ష అంటామా?

సెంట్ల చరిత్రే దీనికి జవాబు చెబుతుంది. 1917లో కోటీ 'షీప్ర్' అనే సెంటు తెచ్చాడు. రెండేళ్ళకు, 1919లో, జాక్ గెర్లాన్ 'మిత్సుకో' తెచ్చాడు. కట్టుబడి అదే. దానికి పీచ్ పండు వాసననిచ్చే ఒక పదార్థం కలిపాడు. ఆ ఒక్క పండుతో అది వేరే మనిషి అయిపోయింది. వందేళ్ళయినా మిత్సుకో గురించి మాట్లాడుతూనే ఉన్నారు. "షీప్ర్‌కు తొంభై శాతం" అని ఆ రోజు ఎవడో రాసి చేతులు దులుపుకుని ఉంటే ఆ పండు ఎవరికి కనిపించేది? 1985 నాటి గ్రీన్ ఐరిష్ ట్వీడ్, 1988 నాటి కూల్ వాటర్ అన్నదమ్ముల్లా ఉంటాయని సెంట్లు తెలిసినవాళ్ళంతా అంటారు. వాటిలో రెండోదాన్ని ఎవరూ క్లోన్ అని చిన్నచూపు చూడరు. దానికి పెద్ద కంపెనీ పేరుంది మరి. పోలిక పెద్దింట్లో జరిగితే వంశం, చిన్నింట్లో జరిగితే నకలు.

*

"కంపెనీలు కష్టపడి తయారుచేస్తే క్లోన్లు దొంగిలిస్తున్నాయి కదా, నువ్వు దొంగల పక్షమా?" అని అడిగేవాళ్ళున్నారు. కోర్టులు ఈ సంగతి ఎట్లా తేల్చాయో చూడండి. 2006 జూన్‌లో మూడు రోజుల తేడాతో రెండు తీర్పులొచ్చాయి. సెంటు వాసన పనితనమే తప్ప కాపీరైట్ ఇవ్వదగిన సృజన కాదని ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం అంది. కాపీరైట్ ఉండవచ్చని నెదర్లాండ్స్ అత్యున్నత న్యాయస్థానం అంది. ఆ రెండో కేసులో లాంకోమ్ వాళ్ళ 'ట్రెజోర్'తో కెకోఫా అనే కంపెనీ అమ్మిన 'ఫిమేల్ ట్రెజర్'ను పోల్చారు. ట్రెజోర్‌లోని 26 వాసన పదార్థాల్లో 24 రెండోదానిలోనూ ఉన్నాయని లెక్క తేలింది. మన శాతాలకు తాత ఈ లెక్క. న్యాయస్థానానికి ఆ లెక్క కావాలి, ఎందుకంటే అక్కడ ప్రశ్న "దొంగిలించావా?" అని. సెంటు పూసుకునేవాడి ప్రశ్న అది కాదు. ఇరవై నాలుగు కలిస్తే దావా వేసినవాడికి సంతోషం. ఆ మిగిలిన రెండు ఏం చేశాయన్నదే నాకు కావాలి.

2009లో ఇంకా తమాషా జరిగింది. లోరియాల్ కంపెనీ బెలూర్ మీద వేసిన కేసులో, "మా ఈ సీసా ఫలానా బ్రాండు వాసనలా ఉంటుంది" అని చెప్పే పోలికల పట్టికలు చెల్లవని యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. ఆ తీర్పును ఇంగ్లండులో అమలు చేయాల్సి వచ్చిన జడ్జి జేకబ్, నిజం చెప్పుకునే హక్కుకు ఇది అడ్డుపడుతోందని 2010లో అయిష్టంగానే అమలు చేశాడు. అక్కడ వాసన పోలి ఉండటం తప్పు కాలేదు. పోలి ఉందని అమ్మేవాడు నోరు తెరిచి చెప్పడం తప్పయింది. కాబట్టి నేను కంపెనీల పక్షమూ కాదు. వాళ్ళకు పోలికే వద్దు. క్లోన్ అమ్మేవాళ్ళకు పోలిక తప్ప ఇంకేమీ వద్దు. ఇద్దరికీ మన ముక్కుతో పని లేదు.

*

హంద్రీకి ఈ పక్క మా కల్లూరు, ఆ పక్క పాత కర్నూలు. ఇప్పుడు రెండూ ఒకే కార్పొరేషన్. చిన్నప్పుడు మా చిన్నాయన నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని హంద్రీ దాటి, కొండారెడ్డి బురుజు అవతల ఒక సందులో అత్తరు అమ్మే ఆయన దగ్గరికి తీసుకుపోయేవాడు. ఆయన్ను మేమంతా మామా అనేవాళ్ళం. ఆయన పోల్చే పద్ధతి వేరు. ఒక చేతి మణికట్టు మీద ఒకటి, రెండో చేతి మీద ఇంకోటి, మోచేతి మడతలో మూడోది పెట్టేవాడు. "ఇప్పుడే చెప్పొద్దు అల్లుడూ. పోయి టీ తాగి రాండి" అనేవాడు. మేం తిరిగొచ్చాక ఏది బాగుందని అడిగేవాడు కాదు. "ఇది చూస్తే ఏం గ్యాపకమొస్తాంది? దాని తర్వాత ఇది చూస్తే?" అనేవాడు.

మజ్మూఆ అనే అత్తరు ఆయన దగ్గరే మొదట చూశాను. మొగలి, వట్టివేరు, కదంబం, మట్టి కలిపిన అత్తరు అది. మట్టి అంటే మట్టే. కనౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి డేగ్‌లో నీళ్ళతో ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందనతైలంలోకి దింపుతారు. తొలకరి వాసనను సీసాలో పట్టే విద్య అది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ 1964లో ఆ వాసనకు 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. కనౌజ్ వాళ్ళ ఈ విద్య సంగతి ఆ శాస్త్రవేత్తలకు తెలుసు, తమ వ్యాసంలో రాశారు కూడా. మొదటి వాన ఫోటో కింద పెట్రికోర్ అని రాసే మనకే తెలియదు.

హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఒకరోజు ఆ అత్తరే పూసుకుని పోయాను. పక్క సీటతను "ఏంటి బాస్, దర్గా నుంచి డైరెక్టుగా వచ్చావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, ఇప్పటికీ సిగ్గుపడే నవ్వు అది. కొన్ని నెలలకు అదే మనిషి ఊద్ అని రాసున్న విదేశీ సీసా తెచ్చాడు. అదే నలుగురు "రిచ్‌గా ఉంది" అన్నారు. ఊద్ అంటే ఏమిటి? అగరు. అగరొత్తి పేరులో ఉన్న అగరు. మన కావ్యాల్లో నాయికలు తలార్చుకునేటప్పుడు జుట్టుకు పట్టిన పొగ. దర్గాల్లో, మసీదు వీధుల్లో, అరబ్బుల ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నది. 2002లో ఈవ్ సాఁ లొరాఁ వాళ్ళు ఎమ్7 తెచ్చాక, 2007లో టామ్ ఫోర్డ్ 'ఊద్ వుడ్' తెచ్చాక అది పడమటి షాపుల్లో ఖరీదైన వాసన అయింది. అప్పుడు ఎవరైనా "టామ్ ఫోర్డ్ సెంటు మా పాతబస్తీ ఊద్‌కు అరవై శాతం" అని రాశారా? రాయరు. ఎందుకంటే మన పోలికకు నిచ్చెన ఉంది. కిందున్నదాన్ని పైదానితో కొలుస్తాం. పైదాన్ని కిందున్నదాని పక్కన కూర్చోబెట్టం.

మొన్న పోయినప్పుడు మామ లేడు. ఆయన కొడుకు కూర్చున్నాడు. అరల్లో హీనా, ఖస్, షమామా వెనక్కిపోయాయి. ముందు వరసంతా ఫ్రెంచి పేర్ల స్టిక్కర్లు, సొవాజ్ కూడా. "ఇవేమి?" అంటే, "ఏం జేద్దుమన్నా, పిల్లోళ్ళు పేరు అడుగుతారు గాని వాసన అడగరు" అన్నాడు. శాతాల భాష ఏం చేస్తుందో ఆ ఒక్క ముక్కలో ఉంది. తనకంటూ ఒక వాసన ఉన్న అంగడి ఇంకొకరి వాసనకు నకలు అమ్మే అంగడి అయింది.

*

ఇది సాహిత్య పత్రిక, ఇక్కడ సెంట్ల గోలేమిటని ఈపాటికి అనుకుని ఉంటారు. మనం పుస్తకాలకు చేస్తున్నదీ ఇదే కదా! 'తెలుగు కాఫ్కా', 'మన మార్క్వెజ్'. అట్ట వెనక ఈ మాట చూసి పొంగిపోని రచయిత ఉన్నాడా? అది పొగడ్త కాదు, క్లోన్ అని వేసిన ముద్ర. సీమ నుంచి కథ వస్తే, అప్పటికే పేరున్న సీమ కథతో ఎంత కలిసిందో చూస్తాం. కరువు ఉందా, కక్షలు ఉన్నాయా, యాస ఉందా? అన్నీ ఉంటే తొంభై శాతం. మా కల్లూరులో అపార్ట్‌మెంటు కొనుక్కుని ఈఎమ్ఐ కట్టలేక నిద్రపట్టని వాడి కథ రాస్తే, "ఇందులో సీమ వాసన లేదు" అంటాం. ఆ కథ విడిపోయిన చోటే దాని బతుకు ఉందని చూడం.

కడప కొండల్లో ఎర్రచందనం ఉంది. పేరులో చందనం, చెక్కలో గంధం లేదు. గంధపు చెక్కతో పోల్చి పెట్టిన పేరు అది. ఆ పోలిక పట్టుకుని ముక్కుకు ఆనించి చూస్తే అది ఓడిపోయిన చందనం. కాని దాని రంగు కోసం, గట్టిదనం కోసం చైనాలో ఎగబడి కొంటారు. దాని కోసం శేషాచలంలో మనుషులు చచ్చారు. పోలికతో పెట్టిన పేరు ఆ చెట్టు గురించి ముఖ్యమైన సంగతి ఒక్కటీ చెప్పదు.

"అయ్యా, పది వేలు పెట్టలేనివాడికి క్లోనే దిక్కు. వాడి సంతోషం మీద నీళ్ళు చల్లుతావెందుకు?" ఇది న్యాయమైన ప్రశ్న. క్లోన్ కొనుక్కోండి, హాయిగా పూసుకోండి. నా దెబ్బ కొనేవాడి మీద కాదు, వాడికి శాతం చెప్పేవాడి మీద. మావాడు ఆ రోజు కాగితం ముక్కలు నాకెందుకు పెట్టాడో నాకు తర్వాత అర్థమైంది. వారం తిరక్కుండా బెంగళూరులో ఉద్యోగంలో చేరబోతున్నాడు. ఆ సెంటు బాగుందా అని వాడు నన్ను అడగలేదు. దొరికిపోతానా అని అడిగాడు. తొంభై అయిదు పోగా మిగిలిన ఆ అయిదు శాతం వాసన కాదు, భయం. ఆ భయాన్ని లెక్కగట్టి చేతిలో పెట్టేదే ఇప్పుడు రివ్యూ అనిపించుకుంటోంది.

కాబట్టి సెంటు గురించి రాసేవాళ్ళకు నా మనవి. పోల్చండి. సీసా పేరు కనపడకుండా పోల్చండి. పైనున్నవాటితోనే కాదు, వీధి చివర అంగట్లో దొరికేదానితో కూడా పోల్చండి. నాలుగు గంటలు ఆగి, మన ఎండలో తిరిగొచ్చి పోల్చండి. ఎక్కడ కలిసిందో ఒక వాక్యంలో చెప్పి, ఎక్కడ విడిపోయిందో మిగతా పేజీ అంతా రాయండి. విడిపోయిన చోటు మేలా కీడా తేల్చండి. అంకె మాత్రం వేయొద్దు.

బెంగళూరు పోయిన పదిహేను రోజులకు మావాడు ఫోన్ చేశాడు. ఆఫీసులో ఎవరో "స్మెల్ బాగుంది, ఏం వాడతావు?" అని అడిగారట. నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే.

"ఏం చెప్పినావురా?"

"సావేజ్ అని చెప్పినా అన్నా. ఒరిజినలే అన్నా."

వాడి గొంతులో సంతోషం ఉంది. వాడు ఏం పూసుకున్నాడో దాని పేరు మాత్రం ఎవరికీ తెలియలేదు. వాడిని నేను ఒక్క మాట అనలేదు. ఆ అబద్ధం వాడికి నేర్పింది మనం.